ఖర్చు అమ్మేటోడిదే

ఖతీఫ్,
జనవరి 9

ప్రియమైన పుష్పకు,

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. ఇంటి సంగతి ఫోన్‌లో మాట్లాడితే గదిలో నలుగురూ సలహాలు చెబుతున్నారు. మొన్న నువ్వు ధర చెప్పగానే పక్క మంచం మీది ఇస్సాక్ లేచి కూర్చుని, “ఆ లెక్కకు మా రాజంపేటలో రెండిండ్లు వస్తాయి సదానందన్నా” అన్నాడు. నీకు కోపం వచ్చింది, నాకు నవ్వు వచ్చింది. అందుకే కాగితం మంచిది. దీనికి చెవులు ఉండవు.

యాదగిరి మామ అమ్ముతున్న ఇంటి వీడియో మళ్లీ మళ్లీ చూశాను. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, డాబా మీదికి మెట్లు. నీ బడికి నడిచి పోయేంత దూరం. ముప్పై ఆరు లక్షలంటే కోరుట్లలో ఎక్కువేం కాదు. నీ టీచరు జీతం మీద బ్యాంకు నూటికి ఎనభై ఇస్తానంది. మిగిలిన ఇరవై మనం కూడబెట్టుకున్నదే. ఇక తేలనిది రిజిస్ట్రేషన్ ఖర్చు. ఏడున్నర శాతమంటే రెండు లక్షల డెబ్బై వేలు. అది మన దగ్గర లేదు.

మార్చి ఆఖరుకు నా కాంట్రాక్టు అయిపోతుంది. మా కంపెనీ యజమాని, కఫీల్ అబూ జాఫర్ ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నాడు. పెడితే జీతం మీద అడ్వాన్సుగా ఆ రెండు లక్షల డెబ్బై వేలు పుడతాయి. పెట్టకపోతే నేను ఇంటికి వస్తాను, ఇల్లు చెయ్యి జారుతుంది. నేను విమానం ఎక్కినప్పుడు మన సృజనకు మూడేళ్లు. ఇప్పుడు ఏడో తరగతి.

అయితే ఈ వారం ఒక మంచి సంగతి తెలిసింది. అబూ జాఫర్ తన తండ్రి కట్టించిన ఇల్లు అమ్మేశాడు. అమ్మకానికి ముందు ఆ ఇంట్లో ఏసీలు, నల్లాలు బాగుచేసింది నేనే, కాబట్టి బేరం మొత్తం నా ముందే జరిగింది. ఇక్కడ సౌదీలో ఇల్లు చేతులు మారితే సర్కారుకు అయిదు శాతం ట్యాక్స్. అది కట్టింది అబూ జాఫర్. కొన్నవాడు దాని జోలికే పోలేదు. కాబట్టి నువ్వు యాదగిరి మామ దగ్గరికి వెళ్లి, సర్కారు ఖర్చు అమ్మేటోడిదే అని గట్టిగా చెప్పు. ఆయనా సౌదీలోనే, నజ్రాన్‌లో ఉండి వచ్చిన మనిషి. ఆయనకు తెలియంది కాదు. నువ్వు బేరాలకు కొత్తదానివని మాట దాటేస్తున్నాడేమో.

ఇక్కడ చలి బాగానే ఉంది. నువ్వు పంపిన స్వెటర్ ఇస్సాక్ వేసుకుని తిరుగుతున్నాడు.

జవాబు కోసం చూస్తూ,
నీ సదానందం


కోరుట్ల,
జనవరి 18

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం నమ్ముకుని వెళ్లి, నవ్వులపాలై వచ్చాను. కోపం మాత్రం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

యాదగిరి మామ ఇంట్లో లేడు. మెట్‌పల్లి రోడ్డు మీద ఆయన కట్టిస్తున్న ఫంక్షన్ హాలు దగ్గర ఉన్నాడు. ఆ హాలు పూర్తి చెయ్యడానికే ఇల్లు అమ్ముతున్నాడు. గోడలు లేచాయి, పైకప్పు పడింది, ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. మామ వెంట ముత్యవ్వత్త కూడా అక్కడే ఉంది. ఇటుకల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

నేను పాఠం చెప్పినట్టే చెప్పాను. ఇల్లు అమ్మితే సర్కారు ఖర్చు అమ్మినవాళ్లదే, సౌదీలో అదే కానూన్, మా బావ కళ్లారా చూశాడు అన్నాను. మామ చాయ్ కప్పు కింద పెట్టాడు.

“బిడ్డా, నేను నజ్రాన్‌ల పదేండ్లు ట్రాక్టర్ నడిపిన. నాకే సౌదీ కానూన్ చెప్తున్నవా? నేనున్నప్పుడు ఆ ట్యాక్సే లేకుండె. ఉన్నా గూడ సౌదీ కానూన్ సౌదీల, కోరుట్ల కానూన్ కోరుట్లల.”

మేస్త్రీలు కూడా నవ్వారు. నా ముఖం ఎర్రబడింది. అప్పుడు ముత్యవ్వత్త అందుకుంది.

“నజ్రాన్ కెంచి వచ్చిన కొత్తల ఇంట్ల చెప్పులు యాడ ఇడువాల్నో గూడ అక్కడి కానూనే చెప్పినవు గద. ఇయ్యాల పైసలకాడికి వచ్చెవరకు కోరుట్ల యాదికొచ్చిందా?”

ఆ ఒక్క మాటతో నవ్వు ఆయన వైపు తిరిగింది. కాసేపు గడ్డం గోక్కుని, దస్తావేజు రాసే ఆయనకు ఫోన్ చేసి అడిగాడు. మన దగ్గర స్టాంపు ఖర్చు కొన్నవాళ్లదే, వాళ్లూ వీళ్లూ వేరేగా రాసుకుంటే తప్ప, అని ఆయన చెప్పాడు. మామ గెలిచాడు. గెలిచిన సంతోషంలోనో, అత్త మాట పడినందుకో, నేను లేస్తుంటే ధరలో ఒక లక్ష తగ్గిస్తానన్నాడు. ముప్పై అయిదుకు ఇస్తాడట.

నువ్వు చెప్పిన కానూన్ తప్పు. అయినా దానికి లక్ష వచ్చింది. ఇలాంటి తప్పులు ఇంకేమైనా తెలిస్తే రాయి.

సృజన లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. ఇంగ్లీషు సంగతి అడగకు.

ప్రేమతో,
పుష్ప


ఖతీఫ్,
జనవరి 30

ప్రియమైన పుష్పకు,

నీ ఉత్తరం ఇస్సాక్‌కు చదివి వినిపించాను. లక్ష అనగానే వాడు చేపల మార్కెట్‌కు పరుగెత్తి ఒక పెద్ద హమూర్ చేప తెచ్చాడు. పులుసు పెట్టాడు. డబ్బు నా దగ్గరే తీసుకున్నాడనుకో.

నేనెక్కడ పొరబడ్డానో తెలుసుకుందామని అబూ జాఫర్‌నే అడిగాను. మా ఊళ్లో ఖర్చు కొన్నవాళ్లదేనట, మరి నువ్వెందుకు కట్టావు అన్నాను. ఆయనకు నా ప్రశ్న నచ్చింది. తనకు వచ్చిన హిందీలో నిదానంగా, “సదా, కట్టింది నేనే. ఆ పైసలు ఎవరివి?” అని అడిగాడు. ధర చెప్పేటప్పుడే ఆ అయిదు శాతం అందులో కలుపుకున్నాడట. కొన్నవాడికీ ఆ సంగతి తెలుసట. ఎవరు కడతారన్నది కాదు, ఎవరి జేబులోంచి ఎప్పుడు పోతుందన్నదే చూసుకోవాలన్నాడు.

ఇప్పుడు మన సంగతి. ముప్పై అయిదు లక్షలకైతే రిజిస్ట్రేషన్ రెండు లక్షల అరవై రెండు వేల పైచిలుకు. లక్ష తగ్గినా ఇది తగ్గింది కొంచెమే. కాబట్టి కాంట్రాక్టు మీద సంతకం పెట్టక తప్పేలా లేదు. వస్తానని నీకు ఇంతకుముందు రెండుసార్లు చెప్పాను. ఒకసారి సృజన పుట్టినరోజుకు మీరు కేకు కూడా ఆర్డర్ ఇచ్చారు. రెండుసార్లూ రాలేదు. ఈసారి వస్తానని నేను అనలేదు కదా, అది నయం.

రెండేళ్లు. ఇల్లు మనదవుతుంది. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా అడగాల్సిన బాధ తప్పుతుంది. అబూ జాఫర్ జవాబు రంజాన్ ముందే చెప్పమన్నాడు.

ఉంటాను,
నీ సదానందం


కోరుట్ల,
ఫిబ్రవరి 8

ప్రియమైన బావకు,

సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

బుధవారం బడి అయ్యాక బ్యాంకుకు వెళ్లాను. ఇంటి అప్పులు చూసే మేడమ్ పేరు హమీదున్నీసా. ధర లక్ష తగ్గిందని నేను సంబరంగా చెబితే, ఆమె సంబరపడలేదు. అప్పు కూడా ఎనభై వేలు తగ్గుతుంది కదా అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. బ్యాంకు ఇచ్చేది ధరలో నూటికి ఎనభై. ధర లక్ష తగ్గితే అందులో ఎనభై వేలు బ్యాంకు తగ్గించుకుంటుంది. మన చేతిలోంచి పోయేది తగ్గింది ఇరవై వేలు, దానిమీద రిజిస్ట్రేషన్‌లో ఏడున్నర వేలు. అంతే. అప్పు తగ్గడం ముందు ముందు మంచిదే. కాని మనకు ఇప్పుడు కావలసింది చేతి డబ్బు.

అదే లక్షను యాదగిరి మామ ధరలో తగ్గించకుండా రిజిస్ట్రేషన్ ఖర్చుకు పెడితే? రిజిస్ట్రేషన్‌కు బ్యాంకు అప్పు ఇవ్వదు. అక్కడ పోయే ప్రతి రూపాయీ మన చేతిదే. కాబట్టి ఆయన పెట్టే లక్ష మనకు లక్షే. ఆయనకు పోయేది రెండు విధాలా ఒకటే. మనకు మిగిలేది మాత్రం దాదాపు నాలుగింతలు. అలా చేసుకోవచ్చా అని అడిగాను. చేసుకోవచ్చు, అయితే అగ్రిమెంటులో రాయించండి, మాకు ఒక కాపీ ఇవ్వండి, దాచిపెట్టొద్దు అంది మేడమ్.

దస్తావేజు రాసే ఆయన ఇంకో దారి చూపించాడు. కాగితంలో ధర తక్కువ రాస్తే స్టాంపు తగ్గుతుందట. వద్దన్నాను. అది దొంగ లెక్క. పైగా అప్పు ఇంకా తగ్గుతుంది.

ఇవాళ ఆదివారం హాలు దగ్గరికి వెళ్లాను. ధర తగ్గించొద్దు మామా, ముప్పై ఆరే ఉండనీ అన్నాను. ఆయన మేస్త్రీని పని ఆపమన్నాడు.

“ఏమన్నవు బిడ్డా? మళ్ల చెప్పు. ఇన్నేండ్ల బేరాలల్ల తగ్గించకుమన్న మనిషిని నేను చూడలే.”

ఇటుక ముక్క తీసుకుని, ప్లాస్టరింగ్ కాని గోడ మీద లెక్క వేసి చూపించాను. అటు ధర తగ్గిస్తే, ఇటు ఖర్చు పెడితే. ఆయన రెండు వైపులా వేలుతో తడుముతూ చదివాడు. మేస్త్రీ కూడా వచ్చి చదివాడు. ముత్యవ్వత్తకు ముందే అర్థమైంది. “నీకు పోయేది ఒక్కటే, ఆమెకు ఎక్కువ మిగుల్తది. దీంట్ల ఇంకెవల్ని అడుగుతవ్?” అంది. మామ మాత్రం రెండు రోజులు ఆలోచించుకుంటానన్నాడు. కాదనలేదు. ఆ గోడకు అప్పుడే ప్లాస్టర్ చెయ్యొద్దని మేస్త్రీకి చెప్పాడు.

నీ కానూన్ తప్పని మొదట నవ్వాను. కాని ‘వేరేగా రాసుకుంటే తప్ప’ అని దస్తావేజు ఆయన అన్న ముక్క ఉంది చూశావా, నువ్వు పంపకపోతే అది నా చెవిన పడేదే కాదు.

నా ఉత్తరం వచ్చేదాకా ఆగు.

ఆశతో,
పుష్ప


ఖతీఫ్,
ఫిబ్రవరి 17

ప్రియమైన పుష్పకు,

రంజాన్ రేపో ఎల్లుండో అంటున్నారు. ఉపవాసాలు మొదలైతే ఆఫీసు పనులు నిదానిస్తాయని అబూ జాఫర్ తొందరపెట్టాడు. నీ దగ్గరినుంచి వారమైనా ఉత్తరం రాలేదు. ఇవాళ పొద్దున ఆఫీసుకు వెళ్లి కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను.

ఇప్పటికి ఇంతకంటే రాయను. నువ్వు అడిగినా చెప్పను. కొద్ది రోజుల్లో అన్నీ రాస్తాను.

సృజనను ఇంగ్లీషు గట్టిగా చదవమను.

నీ సదానందం


కోరుట్ల,
ఫిబ్రవరి 22

బావకు,

ప్రియమైన అన్న మాట కావాలనే రాయలేదు. ఉత్తరం చివరికి వచ్చేసరికి రాయాలనిపిస్తే చూద్దాం. ఫోన్ చెయ్యకు. చేస్తే గదిలో నలుగురూ విని నీ వైపే మాట్లాడతారు.

రెండు రోజులన్న మామ పన్నెండు రోజులు తీసుకున్నాడు. అందుకే నా ఉత్తరం ఆలస్యమైంది. శుక్రవారం తానే మన ఇంటికి వచ్చాడు. ముత్యవ్వత్త వెంట వచ్చింది, మాట మార్చకుండా చూడటానికి అనుకుంటాను.

ధర ముప్పై ఆరే. లక్ష కాదు, రిజిస్ట్రేషన్‌లో సగం తాను పెడతానన్నాడు. సగమంటే లక్షా ముప్పై అయిదు వేలు. నేను నమ్మలేక రెండుసార్లు అడిగాను. అగ్రిమెంటులో రాయిస్తానన్నాడు. బ్యాంకు మేడమ్‌కు చూపిస్తే అభ్యంతరం లేదంది.

అయితే దానికో మెలిక పెట్టాడు. ఆ మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

“లక్ష ముందే ఒప్పుకున్న. పైన ముప్పై అయిదు వేలు ఊకె ఇయ్య. వైశాఖంల హాల్ తెరుస్త. ఏసీలు బిగించాలె. హైదరాబాదోళ్లు అడిగే కూలి నాకు గిట్టది. నీ పెనిమిటి సౌదీల తొమ్మిదేండ్ల సంది అదే పని చేస్తుండు. వచ్చి బిగించుమను. గా పైసలు కూలి కింద సరిజేసుకుంట. వస్తడా?”

నేను వస్తాడన్నాను.

ఎందుకన్నానో తెలుసా? వచ్చిన మనిషికి చెయ్యడానికి పని ఉంటే, ఉండిపోతాడని. హాలు ఏసీలు బిగించినవాణ్ని చూసి కోరుట్లలో ఇంకో పదిమంది పిలుస్తారని. నువ్వు సంతకం పెట్టానని రాసింది అప్పటికే నా ఫోన్‌లో ఉంది. అయినా వస్తాడన్నాను. నోటికి అదే వచ్చింది.

ఇప్పుడు ఆయనకు ఏం చెప్పను? నువ్వు రాకపోతే ఆ ముప్పై అయిదు వేలు ఉండవు, అది పెద్ద విషయం కాదు. అగ్రిమెంటు వచ్చే వారం రాసుకుంటున్నాం. మిగతాది నువ్వు పంపుతావు, ఇల్లు వస్తుంది. దానికి సంతోషమే, అబద్ధం చెప్పను. కాని ఇల్లు చూసి ఇష్టపడ్డప్పుడు నేను అందులో ముగ్గురిని చూశాను.

సృజనకు సంతకం సంగతి చెప్పలేదు. మెట్ల కింద చోటు నీ పనిముట్లకని అదే చెప్పింది మామతో.

ఇంతే.
పుష్ప


ఖతీఫ్,
ఫిబ్రవరి 27

ప్రియమైన పుష్పకు,

ఆ మాట నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను.

నేను సంతకం పెట్టింది కాంట్రాక్టు మీద కాదు. ఖురూజ్ కాగితం మీద. ఇక ఈ దేశం విడిచి ఇంటికి పోతానని పెట్టే అర్జీ అది. నిన్న మంజూరై ఫోన్‌కు వచ్చింది. ఈ ఉత్తరంతోపాటు దాని ఫోటో కూడా పెడుతున్నాను. అరబ్బీలో ఉంటుంది, కింద ఇంగ్లీషులో నా పేరు చూసుకో. సృజనతో చదివించు, దాని ఇంగ్లీషుకూ పని.

ఆరోజే ఎందుకు చెప్పలేదంటావు. వస్తానని రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ఏదో ఒకటి అడ్డం పడింది. మూడోసారి మాట చెప్పదలచుకోలేదు, కాగితమే చూపించాలనుకున్నాను. నువ్వు ఇంకోలా అర్థం చేసుకుంటావని అనిపించింది. పది రోజుల కోపం తట్టుకోవచ్చు, ఇంకో కేకు తట్టుకోలేమనుకున్నాను.

నువ్వు గోడ మీద వేసిన లెక్క ఇక్కడ నా లెక్క కూడా మార్చింది. ఎవరికి ఎంత పోతుందని కాదు, మన చేతికి ఏది మిగులుతుందని చూడాలని ఆ లెక్క చెప్పింది. నేనూ అలాగే వేసుకున్నాను. రెండేళ్లు ఉంటే రిజిస్ట్రేషన్ పూర్తిగా నా జీతంలోంచి వస్తుంది. కాంట్రాక్టు పూర్తి చేసి పోతే తొమ్మిదేళ్ల హిసాబ్, అంటే ఉద్యోగం విడిచినప్పుడు కంపెనీ లెక్కకట్టి ఇచ్చే డబ్బు, ఇప్పుడే వస్తుంది. ఉంటే అది ఇప్పుడు రాదు, పోతేనే వస్తుంది. ఇన్నాళ్లూ ఇది నా కళ్ల ముందే ఉంది. దాన్ని ఆఖరి రోజుకని పక్కన పెట్టుకున్నాను, ఆ రోజు ఇదేనని తట్టలేదు. యాదగిరి మామ ఒప్పుకోకపోతే హిసాబ్ మొత్తం రిజిస్ట్రేషన్‌కే పోయేది, చేతులు ఊపుకుంటూ వచ్చేవాణ్ని. అయినా సరేనని సంతకం పెట్టాను. ఇప్పుడు సగం ఆయన పెడుతున్నాడు కాబట్టి, మన సగం కట్టగా మిగిలినదానితో పనిముట్లు కొనుక్కోవచ్చు. మెట్ల కింద చోటు ఖాళీగా ఉంచమని సృజనకు చెప్పు.

పోతున్నానని అబూ జాఫర్‌కు చెప్పాను. ఆయన తండ్రి ఇంటికి కొత్త నల్లాలు వేసింది నేనేనని, అందుకే మంచి ధర వచ్చిందని అన్నాడు. టికెట్ కోసం దాచుకున్న డబ్బు తీసి, ఎప్పుడు కొనుక్కోమంటావని అడిగాను. వద్దని చెయ్యి ఊపాడు. కాంట్రాక్టు అయిపోయి ఇంటికి పోయేవాడి టికెట్ కంపెనీదట. ఈసారి అది ఎక్కడ కలుపుకున్నావని అడిగాను. నవ్వి, “తొమ్మిదేళ్ల నీ పనిలో” అన్నాడు.

ఇస్సాక్ నా మంచం బేరం మొదలుపెట్టాడు. కిటికీ పక్కన ఉంది కదా. “పరుపు దులిపిచ్చే ఖర్చు మాత్రం అమ్మేటోడిదేనన్నా” అంటున్నాడు. స్వెటర్ వాడికే ఇచ్చేశాను.

యాదగిరి మామకు ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ప్లాస్టరింగ్ చెయ్యకముందే ఏసీ పైపులకు గోడల్లో దారి వదలమను. తర్వాత పగలగొడితే ఖర్చు రెండింతలు. ఎక్కడెక్కడ వదలాలో బొమ్మ గీసి రేపు పంపుతాను. నువ్వు లెక్క వేసిన గోడను మాత్రం నేను వచ్చి చూసేదాకా అలాగే ఉంచమను.

రంజాన్ పండుగ అయ్యాక, మార్చి ఆఖరు వారంలో బయలుదేరతాను. ఈ ఉత్తరం ముత్యవ్వత్త ముందే మామకు చదివి వినిపించు. పోయేవాడి టికెట్ ఖర్చు పంపేటోడిదేనని సౌదీ కానూన్. ఈసారి తప్పు చెప్పలేదని కూడా చెప్పు.

వస్తున్నాను,
నీ సదానందం